విశ్వకవి వెదకుకొన్న కడపటి యిల్లు

గృహస్థధర్మమును నెరవేర్చినవాడు తల నెరసి, మనుమలను చూచిన పిమ్మట ఇల్లు విడిచి వనమునకు పోవలెనని ధర్మశాస్త్రములు విధించినవి. పోవలసిన చోటును గూడ శాస్త్రమే చెప్పినది గనుక ఆ కాలపువారికి ఆలోచన యవసరము లేకుండెను. అడవులు తరిగి, వానప్రస్థము పుస్తకములలోని మాటగా మిగిలిన కాలమున వయసు మీరినవాడు పెద్దయింటిని విడిచి ఎచ్చటికి పోవలెను? ఎంతటి యిల్లు చాలును? వెంట దేనిని గొనిపోవలెను, మిగిలినదానిని ఎవరికి అప్పగింపవలెను? ఈ చిక్కులు సామాన్య గృహస్థునకెట్లో రవీంద్రనాథ ఠాకూరునకును అట్లే యెదురయ్యెను. ఆయన కావ్యములను గూర్చియు, 1913లో లభించిన నోబెలు బహుమానమును గూర్చియు వినని విద్యార్థి యుండడు. అంతటివాడు తన కడపటి 22 సంవత్సరములలో ఒక్క ఆవరణమునందే అయిదిండ్లు మారి, తనకు తగిన చిన్నయింటిని వెదకుకొనుచునే యుండెనను సంగతి మాత్రము మనలో అంతగా ప్రచారమునకు రాలేదు.

ఆయన పుట్టినది చిన్నయిల్లు కాదు. కలకత్తానగరపు ఉత్తరభాగమున జోరాసంకో యను పేటలో ఠాకూరులవారి భవనము కలదు. 18వ శతాబ్దాంతమున నీలమణి ఠాకూరు దానికి పునాది వేసెను. రవీంద్రుని తాతయగు ద్వారకానాథుడు వర్తకమున అపారధనము నార్జించి, రాజకుమారుని వైభవముతో జీవించి, 1846లో లండనునగరమున మరణించి, కుమారునకు భవనములతోపాటు అప్పులను గూడ విడిచిపోయెను. కుమారుడగు దేవేంద్రనాథుడు ఆ అప్పులను తీర్చి మహర్షియను పేరు గాంచెను. ఆయన సంతానమున బ్రతికి పెద్దవారైనవారిలో కడగొట్టువాడు రవీంద్రుడు. 1861 మే 7వ తేదీని ఆ భవనముననే జన్మించెను.

అన్ని గదులు, అన్ని వసారాలు, అన్ని మేడమెట్లు గల యింట ఆ బాలునకు దక్కిన స్వాతంత్ర్యము మిక్కిలి స్వల్పము. పిల్లలు సేవకుల పాలనలో పెరిగిరి. వారిలో శ్యాముడను సేవకుడు బాలుని ఒకచోట కూర్చుండబెట్టి, చుట్టును సుద్దతో గీత గీసి, దానిని దాటరాదని బెదరించి పోవుచుండెను. రామాయణమున సీతాదేవి గీత దాటి పడిన పాట్లను వినియున్న బాలుడు కదలక మెదలక ఆ గీతలోనే యుండి, కిటికీగుండ క్రిందనున్న చెరువును, దాని గట్టుననున్న మఱ్ఱిచెట్టును చూచుచు ప్రొద్దు పుచ్చెడివాడు. ఈ ముచ్చటను ఆయన తన జీవనస్మృతులలో చెప్పియున్నాడు. పెద్దయిల్లు మనుష్యునకు పెద్ద లోకము కాదను ఎఱుక ఆ సుద్దగీతలోనే ఆయనకు కలిగియుండవచ్చును.

యౌవనము మీరుచుండగా తండ్రి ఆజ్ఞచే తూర్పు వంగదేశమునందలి జమీందారీ వ్యవహారములను చూచుటకై షిలైదాకు పోయెను. అచ్చట కచేరీభవన మొకటి కలదు. కాని ఆయన మనసు పద్మానది మీది పడవయందే యుండెను. ఆ పడవ పేరును పద్మయే. నదిగట్టుననున్న పల్లెలను, పంటకాపులను, రేవులలోని స్త్రీలను ఆ పడవకిటికీ నుండి చూచియే ఆయన తన కథలలో పెక్కింటిని వ్రాసెను. జమీందారునకు తగిన మేడ గట్టుమీద నుండగా పడవలోని గదియందు కాలము గడపిన యీ అలవాటు ముందుముందు రాబోవు మట్టియింటికి తొలిసూచన యనదగినది.

శాంతినికేతనము ఆయన కట్టినది కాదు, తండ్రి వెదకినది. బీర్భూము మండలమున బోల్పూరు చెంత, ఎఱ్ఱని కంకరనేల మీద రెండు సప్తపర్ణవృక్షములు దప్ప నీడయే లేని చోట మహర్షి ధ్యానమునకై నిలిచెను. 1863లో 20 బిఘాల నేలను ఏడాదికి 5 రూపాయల పన్నుపై శాశ్వతముగా కౌలునకు తీసికొనెను. రవీంద్రుడు తన 40వ యేట, 1901 డిసెంబరులో, అచ్చట అయిదుగురు విద్యార్థులతో బ్రహ్మచర్యాశ్రమమును స్థాపించెను. ఆ అయిదుగురిలో ఆయన కుమారుడగు రథీంద్రనాథు డొకడు. పాఠశాల నడపుటకు ధనము చాలక పూరీక్షేత్రమున సముద్రతీరమందున్న తన యింటిని అమ్మివేసెను. భార్య మృణాళినీదేవి తన నగలను ఇచ్చెను. నడివయసువాడు వార్ధక్యమునకై దాచుకొనదగిన సముద్రపుటొడ్డు ఇల్లు ఆ విధముగ పిల్లల చదువునకు పోయెను. ఏడాది తిరుగకమునుపే, 1902 నవంబరులో, మృణాళినీదేవి మరణించెను. 1903లో కుమార్తె రేణుక, 1905లో తండ్రి, 1907లో చిన్నకుమారుడు శమీంద్రుడు వరుసగా కనుమరుగైరి. పెద్దకుమార్తె మాధురీలత 1918లో చనిపోయెను. ఇల్లు చిన్నదగుటకు ఎల్లరును ఇండ్లు మారనక్కరలేదు. మనుష్యులు తగ్గినను ఇల్లు దానంతట నదియే తగ్గును. రవీంద్రుని యింట మొదట జరిగినది యిదియే.

1919వ సంవత్సరము ఆయన జీవితమున గుర్తుంచుకొనదగినది. ఆ యేడు ఫిబ్రవరిలో దక్షిణదేశ సంచారము చేయుచు మన మదనపల్లెకు వచ్చి, దివ్యజ్ఞాన కళాశాలయందు విడిసి, తరువాత మన జాతీయగీతమైన పాటను ఇంగ్లీషులోనికి అనువదించెను. మే నెలాఖరున జలియన్‌వాలాబాగు మారణకాండకు నిరసనగా సర్ బిరుదమును విడనాడెను. ఆ సంవత్సరముననే ఆశ్రమమునకు ఉత్తరపుదిక్కున, చెట్టుచేమలు లేని బయలునందు, పూరికప్పు కుటీరములు వేయించుకొని అచ్చటికి నివాసము మార్చెను. అప్పటికాయనకు 58 సంవత్సరములు. పాఠశాల పెరిగినది, అధ్యాపకులు పెరిగిరి, దేశదేశములనుండి వచ్చు అతిథులు పెరిగిరి. ఆశ్రమమధ్యమున దేహళి యను చిన్నమేడయందు అంతవరకు నివసించినవాడు ఇప్పుడు ఊరికి కొంచెము ఎడముగా జరిగెను. ఆశ్రమమును విడిచిపోలేదు, దానిని చూచుచునే దానినుండి తొలగెను. ఆ ఆవరణమునకు ఉత్తరాయణమని పేరు పెట్టిరి.

ఉత్తరాయణమందలి తొలి యిల్లు కోణార్క. పూరిపాకగా మొదలై, క్రమముగా గట్టికట్టడముగా మారినది. ఒక గది నేల ఒక యెత్తున, మఱియొకదాని నేల వేరొక యెత్తున ఉండుట దాని విచిత్రము. ఎదుట బూరుగుచెట్టు, దానిపై మాధవీలత. అచ్చటి వసారాలో కూర్చుండి ఆయన వ్రాసెను, శిష్యులకు చదివి వినిపించెను, అతిథులతో మాటలాడెను. ఈ నడుమనే ఆవరణమున ఉదయన యను పెద్దభవనము లేవసాగినది. రథీంద్రనాథుని అభిరుచియు, సురేంద్రనాథ కర్ అను చిత్రకారుని ప్రణాళికయు దానికి ఆధారములు. అది ఒక్కమారు కట్టిన యిల్లు కాదు. ఏండ్లతరబడి గదికి గది చేర్చుచు పెంచినది. విదేశముల నుండి వచ్చు పండితులను, దేశనాయకులను ఆదరించుటకు అట్టి భవన మవసరమే. కోడలు ప్రతిమాదేవి ఆ యింటి వ్యవహారమును మిగుల నేర్పుతో నడపెను. రవీంద్రుడు కొంతకాల మందుండెను, కాని నిలువలేదు. ఒక యింటికి అలవాటుపడుచుండగనే మఱొక యింటిని గూర్చి తలచుట ఆయన స్వభావము. పరివారమువారికి ఇది విసుగు పుట్టింపక మానదు. పుస్తకములు, కాగితములు, రంగులు అటునుండి ఇటును, ఇటునుండి అటును మోయవలసినవారు వారే గదా!

ఇంటిని తగ్గించుకొనుటకన్న ఆస్తిని తగ్గించుకొనుట కష్టము. ఆ పనిని ఆయన ముందుగనే చేసెను. 1921 డిసెంబరు 23వ తేదీని విశ్వభారతిని దేశమునకు అంకితము చేసిన తరుణమున శాంతినికేతనమందలి నేలను, భవనములను, గ్రంథాలయమును, తన వంగభాషాగ్రంథములపై హక్కులను ఆ సంస్థకు ధారపోసెను. నోబెలు బహుమానపు ధనమును అంతకుమునుపే పతిసరునందలి రైతుల బ్యాంకున నిలువచేసి, దానిపై వడ్డీ పాఠశాలకు చెందునట్లు ఏర్పాటు చేసియుండెను. కవికి గ్రంథములపై హక్కే పొలము. ఆ పొలమును గూడ ఇచ్చివేసిన పిమ్మట ఆయనకు తనదని చెప్పుకొనదగిన యిల్లు ఏది? తాను దానము చేసిన నేలమీదనే తనకొక గది వేయించుకొనవలసినవా డయ్యెను. వార్ధక్యమున ఆయన కట్టుకొన్న యిండ్లను ఈ దృష్టితో చూడవలెను.

1933 డిసెంబరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆహ్వానముపై వాల్తేరునకు వచ్చి మానవుని గూర్చి ఉపన్యాసముల నిచ్చెను. అప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణపండితులు అచ్చట ఉపాధ్యక్షులు. వాల్తేరునుండి హైదరాబాదునకు పోయి, మెహిదీ నవాజ్ జంగుగారు బంజారాకొండలపై కట్టుకొన్న యింట అతిథిగా నుండెను. కొండరాళ్లను పగులగొట్టక, ఉన్నవానిని ఉన్నట్లే గోడలుగా కలుపుకొని కట్టిన యిల్లది. ఆ విడిది నుండి మరలిన ఏడాదిన్నరలో ఆయన తన మట్టియింటిని కట్టించెను. ఒకటి రెండవదానికి కారణమని చెప్పుటకు ఆధారము లేదు. నేలకు అన్యము కాని యింటిని చూచి ఆయన కన్ను చల్లబడియుండునని మాత్రము ఊహింపవచ్చును.

ఆ మట్టియిల్లే శ్యామలి. 1935 మే నెలలో, ఆయనకు 74 ఏండ్లు నిండిన జన్మదినమున, ఆ యింట ప్రవేశించెను. వంగదేశపు పల్లెలలో మట్టిగోడల యిండ్లు క్రొత్తవి కావు. కాని వానికి కప్పు గడ్డితో నేయుదురు. వేసవిలో ఒక పాకకు నిప్పంటుకొన్నచో ఊరెల్ల భస్మమగును. గోడవలెనే కప్పును గూడ మట్టితో చేసినచో పేదవానికి అగ్నిభయము తొలగునుగదా, వేసవితాపము తగ్గునుగదా యని రవీంద్రుని ఆలోచన. ఆయన తలపెట్టినది ఒక కవి ముచ్చట మాత్రమే కాదు, పల్లెవారి కుపయోగింపదగిన పరీక్ష. శ్రీనికేతనమున గ్రామోద్ధరణకై 1922 నుండి జరుగుచున్న కృషికి ఇది యొక శాఖ. తన పరీక్షకు తన వార్ధక్యమునే పణముగా నొడ్డెను. మట్టికప్పు క్రింద ముందుగా తానే పండుకొనెను.

సురేంద్రనాథ కర్ ప్రణాళిక వేసెను. మట్టిలో గడ్డి మున్నగువానిని కలిపి మెదిపి మందపు గోడలు పెట్టిరి. తడికి, చెదలకు ఆగుటకై తారు వాడిరి. ఎండవేడి లోనికి రాకుండుటకై మట్టికుండలను వరుసగా పేర్చి కట్టడమున నిమిడ్చిరి. నందలాల్ బోసును, కళాభవన విద్యార్థులును గోడల వెలిభాగమున మట్టితోనే బొమ్మలు తీర్చిరి. రామకింకర బైజు తీర్చిన సంతాలుల మూర్తులు ఆ గోడలపై నేటికిని చూడనగును. ఇంటి నలుపుదేరిన ఛాయయే దాని పేరునకు తగియున్నది. దూరమునుండి చూచువానికి అది కట్టిన యిల్లుగా గాక నేల లేచి నిలిచినట్లు తోచును.

ఆ యింటిని గూర్చి ఆయన కవిత్వమును వ్రాసెను. దాని పేరుతోనే 1936లో ఒక కావ్యసంపుటమును వెలువరించెను. తన జీవితపు తుదివేళకు తగిన యిల్లు మట్టిదే కావలెననియు, అట్టి యిల్లు కూలినను విరిగిన స్తంభములు, పగిలిన గోడలు మిగులక మన్ను మంటిలో కలియుననియు ఆ కవితలందలి భావము. జోరాసంకో భవనమున పుట్టినవాని కోరిక యిది. కోటలు కూలిన పిదప మిగులు శిథిలముల వంటి కీర్తి ఆయనకు రుచింపలేదు.

ఐనను వాన కవిత్వమును మన్నింపదు. రాయలసీమ పల్లెలలో దూలములపై చవుడుమన్ను పరచిన మిద్దెలను మన మెరుగుదుము. తరతరములుగా అవి నిలిచియున్నవి. కాని అనంతపురమున కురియు వాన యెంత, బీర్భూమున కురియు వాన యెంత! అచ్చటి వర్షపాతము అనంతపురపుదానికి రెండింతలకు మించినది. శ్రావణ భాద్రపదములలో మట్టికప్పు నానును, బరువెక్కును, కారును. శ్యామలికి తరచుగ మరమ్మతు కావలసివచ్చెను. ఇల్లు చిన్నదైనచో చాకిరి తగ్గునని తలచి పల్లెకు చేరిన వృద్ధులకు ఇట్టి అనుభవము కలుగుట కద్దు. నేలకు దగ్గరగా బ్రతుకుట సులభముగా బ్రతుకుట కాదు.

1936లో శ్యామలికి తూర్పున పునశ్చ అను మఱొక చిన్నయిల్లు లేచెను. గోడలు మట్టివే, కప్పు మాత్రము సిమెంటుతో వేసినది. పరీక్షలో తేలిన లోపమును ఆయన మొండిపట్టు పట్టక దిద్దుకొనెనని దీనిచే తెలియుచున్నది. ఉత్తరము ముగించి సంతకము పెట్టిన పిమ్మట జ్ఞప్తికి వచ్చిన మాటను చేర్చునప్పుడు వ్రాయు పదమే పునశ్చ. మరల అని యర్థము. తన యిండ్లకు ఇక ముగింపు అనుకొన్న వెనుక మరల నొకటి కట్టుకొన్నందులకు తన్ను తానే పరిహసించుకొన్నట్లున్నది. అచ్చటి వసారాలో ఆయన చిత్రములు వ్రాయుచుండెను. 67 ఏండ్ల ప్రాయమున ఆ కళను పట్టుదలతో చేపట్టి, 1930లో పారిసునగరమున ప్రదర్శించిన సంగతి ప్రసిద్ధమే. పునశ్చయు కడపటిది కాలేదు. 1939 ప్రాంతమున స్తంభములపై ఎత్తున ఒక గది కట్టించుకొనెను. క్రింద ఖాళీ, మీద ఒక గది, నలువైపుల గాలి. దాని పేరు ఉదీచి; ఉత్తరదిక్కు అని యర్థము. వరుసగా చూచినచో ఈ అయిదు పేర్లలో ఒక పెద్దభవనమును, ఒక నడితరపు గృహమును, మూడు చిన్నయిండ్లును ఉన్నవి. చిన్నవి మూడును ఆయన 74వ యేటికి తరువాతివి.

ఇండ్లు చిన్నవైనంతమాత్రమున మోయవలసిన బరువు తగ్గలేదు. విశ్వభారతికి ధనము చాలదు. ఆ వృద్ధకవి నాట్యబృందమును వెంటబెట్టుకొని ఊరూర ప్రదర్శనము లిచ్చుచు ధనము కూర్చుచుండెను. 1936 మార్చిలో చిత్రాంగద నృత్యనాటకముతో ఢిల్లీనగరమునకు చేరెను. ఆ వయసున ఆయన అట్లు తిరుగుట చూచి గాంధీమహాత్ముడు మిగుల నొచ్చుకొని, దాతలచే 60,000 రూపాయల నిప్పించి, ఆ యాత్రను అంతటితో నిలుపుమని కోరెను. మట్టియింట నుండువానికి అంత ధనమేలయని యడుగువాడు ఆ మట్టియింటి వెనుకనున్న పాఠశాలను, కళాశాలను, కళాభవనమును, గ్రంథాలయమును మరచినవాడు.

1937 సెప్టెంబరులో ఒకనాటి సాయంకాలము రవీంద్రుడు కూర్చున్న కుర్చీలోనే స్మృతి తప్పెను. రెండుదినముల వరకు తెలివి రాలేదు. కోలుకొనెను గాని, మునుపటి బలము రాలేదు. వైద్యులకును బంధువులకును హిమాలయపు చల్లదనము మేలని తోచెను. 1938 మొదలు 1940 వరకు మంగ్పు అను కొండపల్లెకు నాలుగు పర్యాయములు పోయెను. అచ్చటి సింకోనా తోటల కర్మాగారమున ఉద్యోగియైన మన్మోహనసేనుగారి భార్య మైత్రేయీదేవి ఆయనను తండ్రివలె ఆదరించెను. ఆమె తరువాత వ్రాసిన గ్రంథమువలన ఆ దినములు లోకమునకు తెలిసినవి. కొండ సుఖకరమే. అచ్చటనే యుండిపొమ్మన్నవారు లేకపోలేదు. కాని ప్రతిపర్యాయమును ఆయన ఎండకు మాడిన బోల్పూరు బయలునకే మరలి వచ్చెను. ఆరోగ్యమునకు మంచిచోటు ఒకటి, మనసునకు మంచిచోటు వేరొకటి యగుటయే ముదిమిలోని పెద్ద చిక్కు.

1940 ఫిబ్రవరిలో గాంధీమహాత్ముడును కస్తూరిబాయియు శాంతినికేతనమునకు రాగా వారికి శ్యామలియందే విడిది ఏర్పరచిరి. సేవాగ్రామమున మట్టిగుడిసెలో నివసించువారికి మట్టియింటికన్న తగిన విడిది ఏది? గాంధీజీ వీడ్కొనునప్పుడు రవీంద్రుడు ఆయన చేతిలో ఒక జాబు పెట్టెను. తన జీవితమున కూర్చుకొన్న మేలైన సరుకునంతటిని మోయుచున్న నౌకవంటిది విశ్వభారతి యనియు, దానిని రక్షించు బాధ్యతను స్వీకరింపుమనియు అందలి ప్రార్థన. ఇంటిని కుమారునకు, నగలను కోడలికి అప్పగించుట లోకాచారము. ఈయనకు అప్పగింపవలసినది అట్టిది కాదు. తాను పోయిన పిమ్మట ఎవరు నడపుదురో తెలియని సంస్థను, తనకన్న ఎనిమిదేండ్లు మాత్రమే చిన్నవాడగు మిత్రునకు అప్పగించెను. గాంధీజీ ఆ జాబును మౌలానా అబుల్ కలామ్ ఆజాదునకు చూపెను. స్వాతంత్ర్యానంతరము ఆజాదు విద్యామంత్రిగా నున్న కాలమున, 1951లో, విశ్వభారతి కేంద్రవిశ్వవిద్యాలయ మయ్యెను. అప్పటికి జాబు వ్రాసినవాడును లేడు, అందుకొన్నవాడును లేడు.

ఆ సెప్టెంబరులో కాలింపాంగునకు పోయినప్పుడు వ్యాధి ముదిరి, స్పృహలేని స్థితిలో ఆయనను కలకత్తాకు దింపుకొని వచ్చిరి. నవంబరులో శాంతినికేతనమునకు తిరిగి చేర్చిరి. ఏ యింటికి? శ్యామలికి గాదు, పునశ్చకు గాదు. రోగికి పరిచర్య చేయుటకు పదిమంది కావలెను. వారికి గదులు కావలెను. వైద్యులు వచ్చుటకు, వంటలు, మందులు జరుగుటకు తావు కావలెను. అందువలన ఆయన పలుమారులు విడిచి పారిపోయిన ఉదయన భవనమే ఆయనకు మరల ఆశ్రయ మయ్యెను. ఆరోగ్యముగల వృద్ధుడు తనకు తగిన యింటిని ఎన్నుకొనగలడు. మంచము పట్టిన వృద్ధునకు పరిచారకులకు తగిన యిల్లే తగినది. చేయి కదలక పోగా కవితలను ఇతరులచే వ్రాయించెను. రోగశయ్య, ఆరోగ్యము, జన్మదినము అను పేర్లుగల సంపుటములు ఆ నెలలవే. కిటికీలోనుండి కనబడు చెట్టును, ప్రొద్దుటి యెండను గూర్చి ఆ కవితలలో ఉన్నంత శ్రద్ధ ఆయన తొలినాటి కావ్యములలో గూడ లేదని చెప్పవచ్చును. సుద్దగీతలో కూర్చుండి మఱ్ఱిచెట్టును చూచిన బాలుడే తిరిగి వచ్చినట్లుండును.

1941 జూలై నాటికి మూత్రవ్యాధి దుర్భరమయ్యెను. శస్త్రచికిత్స దప్ప వేరుదారి లేదని వైద్యులలో ప్రముఖులు తీర్మానించిరి. రవీంద్రునకు అది ఇష్టము లేదు. ఆకు పండి రాలినట్లు దేహము దానంతట రాలవలెను గాని కోతలేలయని ఆయన భావము. తన అంత్యసంస్కారము కలకత్తా జనసమ్మర్దమున జయజయధ్వానముల నడుమ జరుగరాదనియు, శాంతినికేతనపు ఆకాశము క్రింద, అచ్చటి చెట్లనడుమ, పిల్లల సమక్షమున జరుగవలెననియు ఆత్మీయులతో ముందే చెప్పియుండెను. కాని తుదకు పెద్దల నిర్ణయమునకు లోబడెను. జూలై 25వ తేదీని ఉదయనమునుండి ఆయనను మోసికొనివచ్చి బండి యెక్కించిరి. ఆశ్రమవాసులు దారికిరువైపుల నిలిచిరి. బోల్పూరున ప్రత్యేకపు రైలుపెట్టెలో పరుండబెట్టి కలకత్తాకు చేర్చిరి. చేరిన యిల్లు జోరాసంకో. 80 ఏండ్ల క్రిందట పుట్టిన యిల్లు. 40 ఏండ్ల క్రిందట విడిచిన యిల్లు.

జూలై 30వ తేదీని ఆ యింటి వసారాలోనే శస్త్రచికిత్స జరిగెను. ఆ యుదయముననే ఆయన తన కడపటి కవితను చెప్పి వ్రాయించెను. దానిని మరల దిద్దుటకు అవకాశము కలుగలేదు. ఆగస్టు 7వ తేదీ మధ్యాహ్నము ప్రాణము విడిచెను. ఆయన వలదన్నదంతయు జరిగెను. వేలకొలది జనము భవనమును ముంచెత్తిరి, జయధ్వానములు మిన్నుముట్టెను. నీమతలా శ్మశానమునకు పోవు వీథులన్నియు క్రిక్కిరిసి, కన్నకుమారుడగు రథీంద్రనాథుడు చితిని చేరలేకపోయెను. ఆ సాయంకాలము శాంతినికేతన మందిరమున మాత్రము సద్దులేదు. 1939లో రచించి, తన మరణానంతరమే పాడవలెనని ఆయన దాచియుంచిన పాటను అచ్చట పాడిరి. ఆయన కోరుకొన్నచోట ఆయన కోరుకొన్నట్లు జరిగినది ఆ పాటయొక్కటియే.

జోరాసంకో భవనమున 1962లో రవీంద్రభారతి విశ్వవిద్యాలయము వెలసెను. ఉత్తరాయణమందలి అయిదిండ్లును రవీంద్రభవనమను పేర ప్రదర్శనశాలలో భాగములై యాత్రికులకు దర్శనీయము లగుచున్నవి. 2023 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి విద్యా వైజ్ఞానిక సాంస్కృతిక సంస్థ శాంతినికేతనమును ప్రపంచ వారసత్వస్థలముల పట్టికలో చేర్చెను. మన్ను మంటిలో కలియుటకై కట్టించిన శ్యామలి మాత్రము ఇంకను కలియలేదు. దాని గోడలకు బీటలు వారినప్పుడెల్ల మెత్తుచు, భారత పురావస్తుశాఖవారు దానిని జాగ్రత్తగా నిలిపియుంచుచున్నారు.